రిజిస్టరుకు అయిదేళ్లు, వైరస్‌కు పాతికేళ్లు: గంజాంలో రక్తం ద్వారా సోకే వ్యాధుల గాలింపు

2016లో ఒక అంకె పత్రికలన్నిటా తిరిగింది. సమాచార హక్కు కార్యకర్త చేతన్ కొఠారీ అడిగిన ప్రశ్నకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ‘నాకో’ ఇచ్చిన జవాబులోది అది. 2014 అక్టోబరు నుంచి 2016 మార్చి దాకా, 17 నెలల్లో, రక్తం ఎక్కించుకోవడం వల్ల హెచ్‌ఐవీ సోకినవారు దేశంలో 2,234 మంది. అందులో ఉత్తరప్రదేశ్‌వారే 361 మంది. ఆ తర్వాత నాకో వివరణ ఇచ్చింది: ఇది పరీక్షకు వచ్చినవాళ్లు స్వయంగా చెప్పిన సమాచారం, శాస్త్రీయంగా నిర్ధారించినది కాదు.

ఈ వివరణను తప్పించుకునే మాటగా చాలామంది తీసుకున్నారు. నాకు మాత్రం అసలు విషయం ఆ వివరణలోనే ఉందనిపిస్తుంది. ఐసీటీసీ అని పిలిచే సలహా, పరీక్షా కేంద్రంలో పాజిటివ్ వచ్చిన మనిషిని కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడి, సోకిన మార్గం ఏదై ఉంటుందో రిజిస్టరులో ఒక గడిలో రాస్తారు. స్త్రీపురుష సంబంధం, తల్లి నుంచి బిడ్డకు, సూది, రక్తం, తెలియదు. 2011-12లో దేశవ్యాప్తంగా ఆ గడుల్ని కూడితే స్త్రీపురుష సంబంధాల కింద 88 శాతం, రక్తం కింద సుమారు ఒక శాతం వచ్చాయి. 17 నెలల్లో 2,234 కూడా దాదాపు ఆ వంతులోకే వస్తుంది. అంటే 2016లో కొత్త ఉపద్రవమేదీ బయటపడలేదు. ఏళ్లుగా అదే గడిలో పడుతూ వచ్చిన ఒక శాతానికే అప్పుడు పేరు వచ్చింది.

ఆ ఒక శాతం ఎక్కువా తక్కువా? ఈ ప్రశ్నను గంజాం జిల్లాలో నిలబడి అడిగితే జవాబు మరింత జటిలమవుతుంది. అక్కడ ఆ గడిలో ఏం రాయాలో కౌన్సెలర్ అడగకముందే అందరికీ తెలిసినట్టుంటుంది: సూరత్.

జిల్లా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 2011 లెక్కల ప్రకారం 35 లక్షల పైచిలుకు జనంతో ఒడిశాలో అతి పెద్ద జనాభా గల జిల్లా గంజాం. 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. బరంపురంలో తెలుగు ఇళ్లు వీధులకు వీధులు. వి.వి.గిరి పుట్టిన ఊరు. అస్కా, భంజనగర్, పొలసర, కబిసూర్యనగర్ వైపు పల్లెల నుంచి మగవాళ్లు తరాలుగా సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్తున్నారు. నాకో మూడో దశ కార్యక్రమంలో జిల్లాలను హెచ్‌ఐవీ తీవ్రతను బట్టి విభజించినప్పుడు దేశంలో 156 జిల్లాలు ‘ఎ’ వర్గంలో పడ్డాయి. గంజాం వాటిలో ఒకటి. ఒడిశా మొత్తంగా చూస్తే హెచ్‌ఐవీ వ్యాప్తి జాతీయ సగటు కంటే తక్కువే. 2021 అంచనాల్లో దేశ సగటు 0.21 శాతమైతే పక్కనున్న ఆంధ్రప్రదేశ్ 0.67 దగ్గర ఉంది. తక్కువ వ్యాప్తి ఉన్న రాష్ట్రంలో ఎక్కువ వ్యాప్తి ఉన్న జిల్లా, ఆ జిల్లాను ఆనుకుని ఎక్కువ వ్యాప్తి ఉన్న రాష్ట్రం. వాటి నడుమ ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి. 1962లో మొదలైన ఈ ఆసుపత్రికి గంజాం, గజపతి, కంధమాల్ జిల్లాలతో పాటు మన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల నుంచి కూడా రోగులు వెళ్తారు. ఇచ్ఛాపురానికి శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర.

ఒక ఊహాత్మక సందర్భం తీసుకుందాం. హింజిలికట్ దగ్గరి పల్లెలో ఒక స్త్రీ. భర్త సూరత్‌లో. రెండో కాన్పులో రక్తస్రావమై రెండు యూనిట్లు ఎక్కించారు. నాలుగేళ్ల తర్వాత మూడో గర్భంలో చేసిన పరీక్షలో హెచ్‌ఐవీ అని తేలింది. ఆ గడిలో ఏం రాయాలి? భర్తకు కూడా పాజిటివ్ అయితే ‘స్త్రీపురుష సంబంధం’ అని రాసేస్తారు, చాలాసార్లు అదే నిజం కూడా. కానీ అది నిర్ధారణ కాదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ రాత చెప్పదు. భర్తకు నెగటివ్ అయితే? అప్పుడు కాన్పులో ఎక్కిన రెండు సంచులు ముఖ్యమైన ఆధారాలవుతాయి. కాబట్టి భర్త పరీక్ష ఫలితం ఆ ఇంటి సంసారానికే కాదు, ఆసుపత్రి రక్తనిధి పనితీరుకూ సాక్ష్యమే. ఆ ఫలితాన్ని అలా వాడుకునే అలవాటు మన వ్యవస్థలో లేదు.

పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. పరువు కోసం ‘రక్తం ఎక్కించారు, అప్పుడే వచ్చుంటుంది’ అని చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల వల్ల అంకె పెరుగుతుంది. సూరత్ అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్ల వల్ల తగ్గుతుంది. వలస తక్కువ ఉన్న జిల్లాలో మొదటి పొరపాటు ఎక్కువ కావచ్చు, గంజాంలో రెండోది ఎక్కువ కావచ్చు. అందుకే జిల్లాల మధ్య ఈ గడిని పోల్చి ఇక్కడ రక్తం సురక్షితం, అక్కడ కాదు అనడం నిలిచే వాదన కాదు.

సంచి లోపలికి చూస్తే

దాతల రక్తాన్ని పరీక్షించే విషయంలో దేశం సాధించినది చిన్నదేమీ కాదు. 1986లో చెన్నైలో సునీతి సాలమన్, నిర్మలా సెల్లప్పన్‌ల పరిశోధనలో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. మూడేళ్లకే, 1989లో, దానమిచ్చిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేశారు. ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన కేసులో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జాతీయ రక్త మార్పిడి మండలి ఏర్పడింది. రక్తం అమ్ముకునేవాళ్ల దగ్గర తీసుకోవడం 1998 జనవరి 1 నుంచి ఆగిపోవాలన్నారు. హెపటైటిస్ సి పరీక్ష 2001లో అమల్లోకి వచ్చింది. ఈ తారీఖు గుర్తుంచుకోవాలి. అంతకుముందు ఎక్కిన రక్తానికి హెపటైటిస్ సి వడపోత లేదు.

2015 లెక్కలతో జాతీయ మండలి చేసిన మదింపులో దేశంలో పనిచేస్తున్న రక్తనిధులు 2,626, ఆ ఏడాది సేకరణ కోటీ 16 లక్షల యూనిట్ల పైన. పరీక్షల్లో రియాక్టివ్ వచ్చినవి హెచ్‌ఐవీకి 0.14 శాతం, హెపటైటిస్ సికి 0.34, హెపటైటిస్ బికి 0.87, సిఫిలిస్‌కు 0.17, మలేరియాకు 0.06. జనం భయపడేది హెచ్‌ఐవీకి. సంచుల్లో అంతకు ఆరు రెట్లు కనిపించేది హెపటైటిస్ బి.

ఇవన్నీ పట్టుబడినవి. పట్టుబడకుండా దాటిపోయేవాటి లెక్క వేరు. వైరస్ ఒంట్లో చేరాక పరీక్షకు దొరికే స్థాయికి వచ్చేలోపు కొన్ని రోజులు పడుతుంది. దాన్ని ‘విండో పీరియడ్’ అంటారు. హెచ్‌ఐవీ యాంటీబాడీని వెతికే ఎలైజాకు అది మూడు వారాల చుట్టూ ఉంటుంది. యాంటీజెన్‌ను కూడా పట్టే నాలుగో తరం కిట్‌కు రెండు వారాల పైచిలుకు. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే ‘నాట్’ పరీక్షకు పదిరోజుల అటూఇటూ. హెపటైటిస్ సిలో ఈ తేడా మరీ ఎక్కువ: యాంటీబాడీ పరీక్షకు రెండు నెలలు, నాట్‌కు కొద్దిరోజులే.

ఈ రోజుల తేడా ప్రమాదంగా ఎలా మారుతుందో ఒక లెక్క చూద్దాం. ఇది ఊహాలెక్కే. దాతల్లో ఏడాదికి లక్షమందికి పదిమంది కొత్తగా హెచ్‌ఐవీ బారిన పడుతున్నారనుకుందాం. విండో 22 రోజులైతే, పదిని 22తో హెచ్చించి 365తో భాగిస్తే లక్ష దానాలకు 0.6 వస్తుంది. అంటే సుమారు లక్షా 66 వేల యూనిట్లకు ఒకటి పరీక్ష దాటిపోతుంది. విండో 11 రోజులకు దిగితే మూడు లక్షల 30 వేలకు ఒకటి. ప్రమాదం సగమవుతుంది, సున్నా కాదు. ఆ ‘పదిమంది’ దగ్గరే మొత్తం లెక్క ఆధారపడి ఉంది. అది ఇరవై అయితే నాట్ తెచ్చిన లాభమంతా చెల్లిపోతుంది. దాతల ఎంపిక సరిగా లేని చోట ఖరీదైన యంత్రం ఒక్కటే ఆదుకోదు.

అలాగని నాట్ వృథా అనడం లేదు. 2008లో మక్రూ, సహచరులు వెలువరించిన బహుళ కేంద్రాల అధ్యయనంలో 12,224 నమూనాల్లో మామూలు పరీక్షలకు దొరకని ఎనిమిదింటిని నాట్ పట్టింది. 1,528కి ఒకటి. వాటిలో ఎక్కువ భాగం హెపటైటిస్ బి. అభివృద్ధి చెందిన దేశాల్లో ఈ నిష్పత్తి లక్షల్లో ఉంటుంది కాబట్టి ఇది మనదేశంలో నాట్‌కు బలమైన వాదనగా మారింది. ఒడిశా ప్రభుత్వ రంగంలో కటక్ ఎస్‌సీబీ వైద్య కళాశాల రక్తనిధి వంటి చోట్ల ఈ పరీక్ష వచ్చింది. దేశమంతటా మాత్రం అది చట్టప్రకారం తప్పనిసరి కాలేదు. చిన్న నమూనాలో వచ్చిన ఎనిమిది కేసుల్ని పట్టుకుని దేశం మొత్తానికి గుణించడం కూడా సరికాదు. ఆ అధ్యయనంలోని రక్తనిధులు దేశానికంతటికీ ప్రతినిధులు కావు.

గంజాంకు వస్తే విండో పీరియడ్‌కు ఒక క్యాలెండరు ఉందేమో చూడాలి. చైత్రంలో దండనాటకు, సంక్రాంతికి, ఠాకురాణి యాత్రకు సూరత్ నుంచి మనుషులు ఇళ్లకు వస్తారు. రైలులో రెండురోజుల లోపు ప్రయాణం. ఎండాకాలం రక్తనిధుల్లో నిల్వలు తగ్గే కాలం కూడా. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే ‘బదులు రక్తం’ ఇవ్వడానికి అప్పుడే దిగిన తమ్ముడో మేనల్లుడో ముందుకొస్తాడు. గత మూడు వారాల్లో అతనికి ఇన్ఫెక్షన్ సోకి ఉంటే పరీక్షకు దొరకడు. ఇది పరికల్పన మాత్రమే. దీన్ని పరీక్షించడం కష్టం కాదు: రక్తనిధి దగ్గరున్న నెలవారీ రియాక్టివ్ లెక్కల్ని స్వచ్ఛంద, బదులు దాతలుగా విడదీసి చూస్తే చాలు. వలస వెళ్లినవాడనే కారణంతో దాతను తిప్పి పంపడం మాత్రం శాస్త్రం కాదు. వలసకూలీల్లో అత్యధికులకు ఏ ఇన్ఫెక్షనూ లేదు. అడగాల్సింది ఏ ఊరి నుంచి వచ్చావని కాదు, ఈ మధ్య ఏం జరిగిందని. దాతల ఎంపికపై 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు కొన్ని వర్గాల మనుషుల్ని మొత్తంగా పక్కన పెట్టాయి. ఆ నిబంధనను సవాలు చేస్తూ 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. మనిషి ఏ వర్గమో చూడాలా, ఏం చేశాడో చూడాలా అన్నదే అక్కడి తగవు కూడా.

ఎక్కించుకున్నవాళ్లు ఎక్కడ?

ఇంతదాకా చెప్పినది దాత వైపు కథ. ఈ వ్యాసం అసలు ఉద్దేశం రెండో వైపు చూడడం. ప్రతి సంచికీ ఒక నంబరు ఉంటుంది. దాత రిజిస్టరులో, పరీక్షల రిజిస్టరులో, క్రాస్ మ్యాచింగ్ రిజిస్టరులో, ఇచ్చిన రక్తం రాసుకునే రిజిస్టరులో అదే నంబరు నడుస్తుంది. చివరికి రోగి కేస్ షీట్ మీదికి ఎక్కుతుంది. ఇప్పుడు ఒక సంచిని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు కాబట్టి ఒక దాత రక్తం ముగ్గురికి చేరవచ్చు. ఆర్నెల్ల తర్వాత అదే దాత మళ్లీ వచ్చి పాజిటివ్ అయితే, పాత సంచి ఎవరికెళ్లిందో వెనక్కి వెళ్లి వెతకాలి. దీన్ని ‘లుక్ బ్యాక్’ అంటారు. అటువైపు నుంచి, పాజిటివ్ వచ్చిన రోగి నుంచి దాత దాకా కూడా వెతకవచ్చు.

కాగితం మీద గొలుసు బాగానే ఉంది. కానీ మందులు, సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం రక్తనిధి తన రికార్డుల్ని నిలిపి ఉంచాల్సింది అయిదేళ్లు. హెపటైటిస్ సి కాలేయాన్ని సిర్రోసిస్ దాకా తీసుకెళ్లడానికి చాలామందిలో పట్టేది ఇరవై, ముప్ఫై ఏళ్లు. హెచ్‌ఐవీ కూడా మందు పడకపోతే బయటపడడానికి ఎనిమిది, పదేళ్లు తీసుకోవచ్చు. 1999లో కాన్పుకు రక్తం ఎక్కించుకున్న తల్లికి ఇప్పుడు కామెర్లు, పొట్ట ఉబ్బు వస్తే ఏ రిజిస్టరు తెరవాలి? దాన్ని ఎప్పుడో చెదలు తినేసి ఉంటుంది, లేకపోతే నిబంధన ప్రకారమే పారేసి ఉంటారు.

ఇది పేదదేశపు ఇబ్బంది మాత్రమే కాదు. బ్రిటన్‌లో కలుషిత రక్తంపై సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ నడిపిన విచారణ 2024 మే 20న నివేదిక ఇచ్చింది. రక్తం, రక్త ఉత్పత్తుల ద్వారా 30 వేలమందికి పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి వంటివి సోకాయని, సుమారు 3 వేలమంది చనిపోయారని తేల్చింది. అక్కడ హెపటైటిస్ సి పరీక్ష 1991 సెప్టెంబరులో మొదలైంది. లుక్ బ్యాక్ 1995లో. అప్పటికే రికార్డులు పోయాయి, ఆచూకీ దొరకనివాళ్లు ఎందరో. తమకు రక్తం ఎక్కించారన్న సంగతే తెలియని బాలింతలున్నారు. అందుకే ఆ నివేదిక వచ్చాక అక్కడ కాగితాల్ని వెతకడం మాని మనుషుల్ని అడగడం మొదలుపెట్టారు: 1996కి ముందు మీకు రక్తం ఎక్కించారా అని కొత్తగా డాక్టరు దగ్గర పేరు రాయించుకునేవాళ్లందరినీ అడుగుతున్నారు.

మన దగ్గర ఇదే ప్రశ్నకు 2001 గీత సరిపోతుంది. ఆ ప్రశ్నను ఎవరు, ఎక్కడ అడగాలి అన్నది మిగిలింది.

2012 డిసెంబరు 10న నోయిడాలోని జాతీయ జీవ ఉత్పత్తుల సంస్థ ఆధ్వర్యంలో హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. రక్తం ఎక్కించాక వచ్చే దుష్ప్రభావాలను ఆసుపత్రులు స్వచ్ఛందంగా అక్కడికి తెలపాలి. చలి, జ్వరం, దద్దుర్లు వంటివి గంటల్లో కనిపిస్తాయి కాబట్టి నమోదవుతాయి. ఆర్నెల్లకో ఆరేళ్లకో బయటపడే ఇన్ఫెక్షన్ మరో ఊళ్లో, మరో డాక్టరు దగ్గర బయటపడుతుంది. ఆయనకు రక్తం సంగతి తెలియదు, తెలిసినా తెలపాల్సిన చోటు తెలియదు. గంజాంలో ఈ దూరం రాష్ట్రాల సరిహద్దులు దాటుతుంది. సూరత్‌లో మిల్లు ప్రమాదంలో రక్తం ఎక్కించుకున్నవాడి కేస్ షీట్ గుజరాత్‌లో ఉంటుంది, పాజిటివ్ ఫలితం బరంపురంలో వస్తుంది. సోంపేట మనిషికి రక్తం బరంపురంలో ఎక్కుతుంది, తర్వాతి పరీక్షలు పలాసలోనో విశాఖలోనో జరుగుతాయి. ఎయిడ్స్ నియంత్రణ సంస్థలు మూడు, రక్త మార్పిడి మండళ్లు మూడు, భాషలు మూడు. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఇ-రక్తకోశ్ దేశంలోని రక్తనిధుల నిల్వల్ని ఒకచోట చూపిస్తుంది. ఎక్కడ ఏ గ్రూపు దొరుకుతుందో చెప్పే ఆ తెరకు, పదేళ్ల క్రితం ఏ సంచి ఎవరికెళ్లిందో చెప్పడం అసాధ్యమైన పనేమీ కాదు. దాన్ని ఆ పనికి పెట్టాలి, అంతే.

అందర్నీ పరీక్షించాలా?

రక్తం ద్వారా వ్యాధి సోకిందన్న వార్త వచ్చినప్పుడల్లా ‘ఊరూరా శిబిరాలు పెట్టి అందరికీ పరీక్షలు చేయాలి’ అనే డిమాండ్ వస్తుంది. లెక్క వేస్తే అది ఎందుకు తొందరపాటో తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నమూనాల మీద చేసిన పరిశీలనలో దేశంలో హెపటైటిస్ సి యాంటీబాడీ ఉన్నవారు 0.32 శాతం. లక్షమందిని పరీక్షిస్తే నిజంగా పాజిటివ్ కావాల్సింది 320 మంది. కిట్ రెండు వైపులా 99 శాతం కచ్చితమైనదే అనుకుందాం. అది 317 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. కానీ ఏమీ లేని 99,680 మందిలో కూడా 997 మందికి పాజిటివ్ అంటుంది. మొత్తం 1,314 మందిలో నిజమైనవాళ్లు నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురు రెండో పరీక్ష వచ్చేదాకా నిద్రలేని రాత్రులు గడపాలి. హెచ్‌ఐవీ అయితే ఆ రాత్రుల్లో కాపురాలే కూలవచ్చు. నిర్ధారణకు మూడు వేర్వేరు పరీక్షలు కావాలని నాకో పట్టుబట్టేది అందుకే. హెపటైటిస్ సిలో యాంటీబాడీ ఉన్నంత మాత్రాన ఇప్పుడు వైరస్ ఉన్నట్టు కాదు. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అదే కిట్‌ను తరచూ రక్తం ఎక్కించుకునే వెయ్యిమందికి వాడితే? వాళ్లలో పదిశాతం మందికి సోకిందనుకుంటే, ఇది కూడా ఊహే, 99 మంది నిజమైనవాళ్లు, 9 మంది పొరపాటు. పదిమందిలో తొమ్మిది ఫలితాలు నమ్మదగ్గవి. కిట్ అదే అయినా ఎవరి ముందు పెట్టామన్నదాన్ని బట్టి దాని మాటకు విలువ మారింది.

ఈజిప్టు 2018లో దేశమంతా హెపటైటిస్ సి పరీక్షలు చేసి కోట్లమందిని జల్లెడ పట్టగలిగిందంటే, అక్కడ 2008 సర్వేలోనే పెద్దవాళ్లలో దాదాపు 15 శాతానికి యాంటీబాడీ ఉంది. నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా వ్యాధికి దశాబ్దాలపాటు సూదులు మార్చకుండా చేసిన ఇంజెక్షన్లు దానికి కారణం. మన దగ్గర ఆ పరిస్థితి లేదు.

అందరినీ పరీక్షించడం ఒడిశాకు కొత్త కాదు. 2017లో మొదలైన ‘దమన్’ కార్యక్రమంలో కొండ గూడేలకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా ప్రతి ఒక్కరికీ మలేరియా పరీక్ష చేసి, పాజిటివ్ వస్తే అక్కడికక్కడే మందు మింగించారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు 2018కి డెబ్బై వేల లోపుకు పడిపోయాయి. ఆ తగ్గుదలంతా పరీక్షల వల్లేనని చెప్పలేం. అదే సమయంలో కోటికి పైగా దోమతెరలు పంచారు. అయినా అక్కడ గాలింపుకు తగిన పరిస్థితులున్నాయి: వ్యాధి ఎక్కువ, పరీక్ష చవక, మందు చేతిలోనే ఉంది, మలేరియా అంటే ఊళ్లో ఎవరూ వెలివేయరు. రక్తనిధికీ దీనితో నేరుగా సంబంధముంది. ఒక మైక్రోలీటరు రక్తంలో ఒక్క పరాన్నజీవే ఉంటే గాజుపలక మీద అది కనిపించకపోవచ్చు. కానీ 350 మిల్లీలీటర్ల సంచిలో అవి మూడున్నర లక్షలు. గూడేల్లో లక్షణాల్లేని మలేరియా తగ్గితే బరంపురంలో ఎక్కే సంచి కూడా ఆమేరకు శుభ్రపడుతుంది. ఏ రక్తనిధి పద్దులోనూ ఈ లాభం కనిపించదు.

హెచ్‌ఐవీకి ఆ నాలుగో షరతు లేదు. 2020 మేలో, కొవిడ్ లాక్‌డౌన్ కాలంలో, సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లు జగన్నాథ్‌పూర్ స్టేషనుకు చేరినప్పుడు, తిరిగొచ్చిన ప్రతి ఒక్కరి పేరూ పంచాయతీ స్థాయిలో నమోదు చేశారు. సర్పంచులకు కలెక్టరు అధికారాలు కూడా ఇచ్చారు. జిల్లా యంత్రాంగానికి మనుషుల జాబితా తయారుచేసే సత్తా ఉందని అది రుజువు చేసింది. జాబితా చేతికొస్తే ఊరు ఎలా చూస్తుందో కూడా చూపింది. హెచ్‌ఐవీ పరీక్షకు సమ్మతి, గోప్యత 2017 చట్టం ఇచ్చిన హక్కులు. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. లైసెన్సున్న రక్తనిధిలో సంచిని పరీక్షించడానికి మాత్రం సమ్మతి అక్కర్లేదు. ఫలితం దాతకు చెప్పడానికి అతని ఇష్టం అడగాలి. చట్టం గీసిన ఈ గీత సరైన చోటే ఉందని నా అభిప్రాయం.

ఎక్కడ అడగాలి

కాబట్టి మొదట అడగాల్సిన చోట్లు ఇప్పటికే రోగులు కూర్చుని ఉన్న చోట్లు. తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా వార్డులు, డయాలసిస్ గదులు, గర్భిణుల ఓపీ. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్ష, మందు ఉచితం. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారిని అది ఎక్కువ ప్రమాదమున్న వర్గంగానే లెక్కిస్తుంది. హెపటైటిస్ సికి పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అడిగే ప్రశ్నకు తగిన మందు చేతిలో ఉంది కాబట్టే అడగడంలో న్యాయం ఉంది. హెపటైటిస్ బి విషయంలో అంతటి మందు లేదు. కానీ టీకా ఉంది, అది మొదటి సంచి కంటే ముందే పడాలి.

ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా ఉన్న ఉద్దానం దీనికి మంచి పరీక్షాస్థలం. అక్కడ కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు ఎలాగూ చేస్తారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక వెళ్లాల్సిన దూరం తగ్గింది. అంతకుముందు అదే మనిషి ఒక నెల బరంపురంలో, ఒక నెల విశాఖలో మిషనెక్కి, నడుమ రక్తహీనతకు యూనిట్లు ఎక్కించుకుని ఉండవచ్చు. అతనికి హెపటైటిస్ సి వస్తే అది సంచిలోంచి వచ్చిందా, డయాలసిస్ గదిలో ఒకరి నుంచి ఒకరికి పాకిందా? ఒక్క కేసుతో తేలదు. ఒకే గదిలో ఒకే కాలంలో నలుగురికి వస్తే గదిని అనుమానించాలి, వేర్వేరు గదుల్లో ఒకే రక్తనిధి సంచులు ఎక్కినవాళ్లకు వస్తే రక్తనిధిని అనుమానించాలి. ఈ విభజన చేయడానికి కావాల్సిందల్లా పరీక్ష తేదీ, సంచి నంబరు, గది పేరు ఒకే కాగితం మీద ఉండడం.

2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది తలసీమియా పిల్లలకు, 2025 అక్టోబరులో ఒడిశాను ఆనుకుని ఉన్న జార్ఖండ్ పశ్చిమ సింగ్భూమ్ జిల్లా చాయిబాసాలో అయిదుగురు పిల్లలకు హెచ్‌ఐవీ ఉందని బయటపడింది. ఈ పిల్లలు రెండు, మూడు వారాలకోసారి ఆసుపత్రికి వస్తారు, వాళ్ల రక్తాన్ని మళ్లీమళ్లీ పరీక్షిస్తారు. తెలిసింది అందుకేనని నేననుకుంటున్నాను. ఒక్కసారి రక్తం ఎక్కించుకుని ఇంటికెళ్లిన కూలీనో బాలింతనో అలా ఎవరూ పిలిచి పరీక్షించరు. అందుచేత పిల్లల కేసులు ఎక్కువగా వార్తల్లోకి రావడాన్ని చూసి, ప్రమాదం పిల్లల వార్డులోనే ఉందనుకోవడం పొరపాటు.

ఇక మిగిలింది మొదటి నమూనా సంగతి. బిడ్డకు మొట్టమొదటి సంచి ఎక్కించే రోజునే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేసి ఆ ఫలితం రాసి ఉంచకపోతే, ఆరేళ్ల తర్వాత వచ్చిన పాజిటివ్‌కు అర్థం చెప్పడం ఎవరి తరమూ కాదు. అది తల్లి నుంచి వచ్చిందో, ఏ ఊళ్లోనో వేసిన సూది నుంచి వచ్చిందో, నలభయ్యో సంచి నుంచి వచ్చిందో కోర్టు అడిగినా చూపడానికి కాగితం ఉండదు. ఈ మొదటి పరీక్షకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. బరంపురంలోనూ పలాసలోనూ అవే కిట్లు ఇప్పటికే ఉన్నాయి. రోగి చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో ఆ ఫలితానికి ఒక గీత, ఎక్కించిన ప్రతి సంచి నంబరుకూ తేదీకీ మరో గీత చేర్చాలి. రక్తనిధి అయిదేళ్లకు పారేసే పుస్తకంలోని వరుసను ఆ ఇంటివాళ్లు ట్రంకుపెట్టెలో పాతికేళ్లు దాచుకోగలరు. ఒడియాలోనూ తెలుగులోనూ ‘రక్తం ఎక్కించారు’ అన్న ముక్క దాని మీద ఉంటే, సూరత్‌లోనైనా సోంపేటలోనైనా తర్వాతి డాక్టరు ముందు ఆ కాగితం పెట్టాలని వాళ్లకు తెలుస్తుంది.